కొత్త ఇంటి వాకిట ప్లాస్టిక్ పచ్చిక: ఎందుకు వద్దంటున్నాను



మీరు ఇల్లు కట్టుకున్నారు. గుమ్మలక్ష్మీపురంలో ఇల్లు కట్టడమంటే ఎంత శ్రమో నాకు తెలియనిది కాదు. ఇసుకకు ఒక బాధ, ఇనుముకు ఒక బాధ, కొండదారిలో లారీ ఎక్కించడానికి మరొక బాధ. గృహప్రవేశం నాటికి చేతిలో సొమ్ము ముప్పాతిక వంతు హరించుకుపోయి ఉంటుంది. అప్పుడు మీ దృష్టి ఇంటి ముందున్న ఖాళీ స్థలం మీద పడుతుంది. ఒకప్పుడు వరిమడిగా ఉన్న నేల అది. బంకమన్ను. వేసవిలో నెర్రెలు విచ్చి కాలివేలు ఇరుక్కునేంత పగుళ్లు చూపుతుంది. తొలకరి పడిందా, చెప్పును లోపలికి లాగేసుకుంటుంది. పిల్లలు ఆ కాళ్లతోనే కొత్త టైల్సు మీదికి పరుగెత్తుకొస్తారు. ఇల్లాలికి కోపం, మీకు విసుగు. సరిగ్గా ఆ సమయంలో చుట్టగా చుట్టిన పచ్చ తివాచీతో ఎవరో ఒకరు గేటు ముందు నిలబడతారు. ‘ఒక్క పూటలో పరిచేస్తామండీ. బురద ఉండదు, దోమలుండవు, నీళ్లు పోయనక్కరలేదు, పదేళ్లు చూసుకోనక్కరలేదు’ అంటారు.

విశాఖపట్నంలో బాక్స్ క్రికెట్ మైదానాలలోను, హోటళ్ల మేడలమీదను ఆ పచ్చదనాన్ని మీరు చూసే ఉంటారు. మన వాకిట్లో కూడా అలా ఉంటే ఎంత బాగుంటుందనిపించడం సహజం. ఆ కోరికను నేను పరిహసించను. కాని మీరు ఆ తివాచీకి బయానా ఇవ్వకముందే నా అభ్యంతరాన్ని వినాలని కోరుతున్నాను.

నా అభ్యంతరం ఒక్క మాటలో చెప్పగలను. బంకమన్నుపై కృత్రిమ పచ్చికను శాస్త్రోక్తంగా పరచాలంటే ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ఆ పనులన్నీ చేస్తే మీ బురద బాధ అక్కడికే తీరిపోతుంది, ప్లాస్టిక్‌తో నిమిత్తం ఉండదు. అవి చేయకుండా పరిస్తే ఆ ప్లాస్టిక్ మీ ఇంటి ఆరోగ్యానికి హాని చేస్తుంది. ఏ విధంగా చూసినా ఆ తివాచీకి మీ వాకిట్లో స్థానం లేదు. వైద్యవృత్తిలో దీనికి సాటి వచ్చేది ఒకటుంది: పుండు కడగకుండా పైన శుభ్రమైన తెల్లని కట్టు కట్టడం. చూసేవాళ్లకు కట్టు బాగుంటుంది. లోపల చీము పెరుగుతుంది.

ముందు ఆ పుండు ఏమిటో చూద్దాం. బంకమన్ను రేణువు మిల్లీమీటరులో అయిదువందలో వంతు కంటే చిన్నది. ఇసుకరేణువు గుండ్రాయి వంటిదైతే ఇది పలుచని రేకు వంటిది. రేకులు ఒకదానిపై ఒకటి పేర్చుకుని కూర్చుంటే నడుమ నీటికి దారి దొరకదు. మామూలు బంకనేల గంటకు ఒకటి నుంచి అయిదు మిల్లీమీటర్ల నీటిని మాత్రమే ఇంకించుకుంటుంది. ఇక లెక్క కట్టండి. మీ వాకిలి పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు అనుకుందాం. శ్రావణమాసపు సాయంత్రం ఒక్క గంటలో యాభై మిల్లీమీటర్ల వాన కురిసిందనుకుందాం. మన కొండల్లో అది అపురూపమేమీ కాదు. రెండువేల అయిదువందల లీటర్ల నీరు ఆ వాకిట్లో పడుతుంది. ఆ గంటలో నేల తాగేది మహా అయితే రెండువందల యాభై. తక్కిన రెండువేల రెండువందల యాభై లీటర్లూ ఎక్కడికి పోవాలి?

ఇంతటితో అయిపోలేదు. మన పాత ఇళ్లకు చూరు ఉండేది. వాన నీరు చూరు పొడవునా పలుచగా జారి, అరుగుకు అవతల పడేది. సవర గూడేల్లో వరుసగా కట్టిన ఇళ్లకు ఎత్తైన అరుగులు ఎందుకున్నాయో ఆలోచించండి. కట్టినవాడు ఏ ఇంజనీరింగ్ కళాశాలలోను చదవలేదు గాని, నీరు ఎటు పోతుందో, మనిషి కాలు ఎక్కడ పొడిగా ఉండాలో అతనికి తెలుసు. మీరు కట్టింది స్లాబు ఇల్లు. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద అదే వాన పడితే నాలుగువేల ఆరువందల లీటర్లకు పైగా నీరు ఒకటో రెండో గొట్టాల గుండా వచ్చి మీ వాకిట్లోనే దూకుతుంది. అంటే మీ బురదలో సగానికి మించిన భాగం ఆకాశం నుంచి నేరుగా వచ్చింది కాదు, మీ సొంత మేడ మీది నుంచి వచ్చింది. ఈ ఒక్క సంగతిని పచ్చ తివాచీ అమ్మేవాడు ఎన్నడూ చెప్పడు. బహుశా అతనికి తెలియదు కూడా.

మరొక విషయం. కొత్త ఇంటి చుట్టూ ఉన్నది అసలు నేల కాదు. పునాదికి తవ్విన మట్టిని తిరిగి పోసి, పైన బయటి నుంచి తెచ్చిన మట్టి వేసి చదును చేసింది. అది ఒకటి రెండు వానాకాలాలు గడిచేదాకా కుంగుతూనే ఉంటుంది, అదీ అంతటా ఒకే తీరుగా కాదు. దానికి తోడు బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఇలా ఊపిరి తీస్తూ విడుస్తూ ఉండే నేలపై మీరు బిగించిన తివాచీ సమతలంగా ఎన్నాళ్లుంటుంది?

పని తెలిసినవాడు దీన్ని ఎలా చేస్తాడో చెబుతాను. ముందు ఆరేడు అంగుళాల లోతున బంకమన్నును తవ్వి తీసేస్తాడు. అడుగును ఇంటి వైపు నుంచి బయటికి వాలుగా మలుస్తాడు. బంక పైకి ఎగదన్ని కంకరలో కలిసిపోకుండా నడుమ నీరు దిగే గుడ్డ పరుస్తాడు. చిల్లుల గొట్టం వేసి కాలువకు కలుపుతాడు. ఆపైన కంకర, దానిపై రాతిపొడి వేసి, తడిపి, దిమ్మిసతో గట్టిపరుస్తాడు. స్లాబు నీటి గొట్టాన్ని విడిగా మళ్లిస్తాడు. అప్పుడు పైన తివాచీ. ఇప్పుడు మీరే చెప్పండి. వాలు వచ్చింది, కంకర వచ్చింది, గొట్టం వచ్చింది, స్లాబు నీరు దారి మళ్లింది. ఇక బురద ఎక్కడిది? ఆ పైన ఆ ఆకుపచ్చ ప్లాస్టిక్ చేసే పని ఏమిటి?

అయితే మన దగ్గర జరిగేది ఇది కాదు. చదరపు అడుగుకు ఇంత అని బేరం కుదురుతుంది. తవ్వకం, కంకర, గొట్టం అంటే ఖర్చు రెట్టింపవుతుంది గనుక బేరం తగ్గించేందుకు మొదట కొట్టివేసేవి అవే. పారతో పైపైన చదును చేసి, నాలుగు బుట్టల ఇసుక చల్లి, తివాచీ పరచి, అంచులకు మేకులు కొట్టి వెళ్లిపోతారు. బంకమన్నులో కాస్త ఇసుక కలిస్తే అది ఇటుక బిగువుకు వస్తుందని వారికి ఎవరూ చెప్పలేదు.

నాకు పరిచయమున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుల ఇంట ఇలాగే జరిగింది. మొదటి ఏడు చూడముచ్చటగా ఉంది. ఆయన ఫొటోలు తీసి బంధువులందరికీ పంపారు. రెండవ వానాకాలం నడుమ గేటు పక్కన ఒక మూల ఎత్తి చూస్తే కింద నల్లని జిగురు. కుళ్లిన కోడిగుడ్డు వాసన. గాలి తగలని తడిమట్టిలో ఆమ్లజని లేకుండా బతికే సూక్ష్మజీవులు పెరిగి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు వాసన అది. ఆ మోతాదులో అది ప్రాణాంతకమేమీ కాదు. కాని నేల చచ్చిపోయిందని చెప్పే వాసన అది. తివాచీ అంచుల కింద రోకలిబండలు, రెండు తేళ్లు. ‘పాములు రావన్నాడండీ వాడు’ అని ఆయన నవ్వలేక నవ్వారు.

ఇప్పుడు దోమల సంగతికి వద్దాం. ఇక్కడ నిజాయితీగా మాట్లాడాలి. తివాచీ నేలకు అంటుకుని ఉన్న చోట కింద తడి ఉన్నా దోమ గుడ్లు పెట్టలేదు. దానికి తెరచి ఉన్న నీటి ఉపరితలం కావాలి. కనుక ప్లాస్టిక్ కింద దోమలు పుడతాయనేవాళ్ల మాట సరికాదు. అసలు ప్రమాదం ప్లాస్టిక్ పైన ఉంది. కింద మట్టి కుంగిన చోటల్లా తివాచీ పళ్లెంలా వంగుతుంది. వెనుక వైపున నీరు దిగడానికి వదిలిన చిల్లులు ఒకటి రెండేళ్లలో దుమ్ముతో, సన్నని బంకతో పూడుకుపోతాయి. ఆ పళ్లెంలో పోచల నడుమ నీరు నిలుస్తుంది. నేల మీద గుంట అయితే మెరుస్తూ కనిపిస్తుంది, మీరు పారతో గండి కొడతారు. ఈ నీరు పచ్చని పోచల మధ్య దాగి ఉండి కంటికి కనిపించదు. దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా మన వేడిలో ఏడు నుంచి పది రోజులు చాలు. అందుకే ఆరోగ్యశాఖవారు వారానికొక రోజు, శుక్రవారం, డ్రై డే పాటించమంటారు. ఇంట్లోని తొట్లు, కుండలు మీరు వంచగలరు. మేకులు కొట్టిన తివాచీని ఏ శుక్రవారం ఎత్తి ఆరబెడతారు?

మలేరియా గురించి మన్యంవాళ్లకు నేను చెప్పవలసింది లేదు. ఆ జ్వరం ఎంత పాతదో తెలియాలంటే గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకుంటే చాలు. సవర భాష నేర్చుకోవడానికి ఈ కొండల్లో తిరిగిన ఆ మహనీయునికి మలేరియా సోకింది. దానికి వేసుకున్న క్వినైన్ ఆయన వినికిడిని హరించింది. ఒక భాష శబ్దాలను చెవితో పట్టి రాసిపెట్టిన మనిషికి చెవులే పోయాయి. దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ తొలిసారి చూసింది కూడా మన తెలుగు గడ్డ మీదనే, సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న. నూట పాతికేళ్లు గడిచినా గుమ్మలక్ష్మీపురం, కురుపాం ప్రాంతాల్లో వానాకాలం వస్తే జ్వరాల లెక్క పెరుగుతూనే ఉంది. మలేరియా దోమలు ఎక్కువగా గెడ్డల్లో, మడుల్లో పుడతాయి, మీ వాకిట్లో కాదు. వాకిట్లో పుట్టేది డెంగీ దోమ. మలేరియాను గెడ్డ నుంచి తెచ్చుకుంటున్నది చాలదా? డెంగీని ఇంటి గుమ్మంలో సొంత ఖర్చుతో పెంచుకోవాలా?

తడి విషయంలో ఇంకొకటి. తివాచీ కింద ఆరని బంకమన్ను పునాది గోడను ఆనుకుని ఉంటుంది. ఆ తడి గోడలోకి పాకుతుంది. ఏడాది తిరగకుండానే లోపలి గదిలో మోకాలెత్తున సున్నం పొక్కి, నల్లని బూజు మచ్చలు తేలతాయి. ఆ గదిలో పడుకునే బిడ్డకు రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు మొదలవుతాయి. మీరు ఆ బిడ్డను తీసుకుని ఆస్పత్రికి వస్తారు. డాక్టరు ఛాతీ పరీక్షించి మందు రాస్తాడు గాని మీ వాకిట్లో ఏం పరిచారో అడగడు. అడగాలి, నిజానికి. చాలాకాలం నేనూ అడగలేదు.

ఇక వేడి. మీకు ఒక కథ చెబుతాను. ఈ ప్లాస్టిక్ గడ్డి ఎలా పేరు తెచ్చుకుందో తెలుసా? అమెరికాలో హ్యూస్టన్ నగరంలో ఆస్ట్రోడోమ్ అనే పెద్ద క్రీడాశాల కట్టారు. పైన మూసిన కప్పు, దానిలో వెలుతురు కోసం పారదర్శకమైన పలకలు. ఆ పలకల మెరుపుకు ఆటగాళ్లకు బంతి కనిపించడం లేదని వాటికి రంగు పూశారు. వెలుతురు తగ్గి లోపలి గడ్డి చచ్చిపోయింది. అప్పుడు 1966లో ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అలా వచ్చింది. అంటే ఎండ తగలని, వాన పడని చోట పేరు తెచ్చుకున్న ఉపాయం అది. ఎండకు, వానకు ఏ మాత్రం కొదవ లేని గుమ్మలక్ష్మీపురంలో దాన్ని ఆరుబయట పరుస్తున్నాం. (మనవాళ్లకు ఆ గడ్డి అచ్చిరాలేదన్న సంగతి హాకీ అభిమానులకు గుర్తుండే ఉంటుంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి కృత్రిమ మైదానంపై ఆడినప్పుడు భారత జట్టు ఏడవ స్థానంలో నిలిచింది.)

సహజమైన గడ్డి చెమట పోస్తుంది. వేళ్లతో పీల్చిన నీటిని ఆకుల నుంచి ఆవిరిగా వదులుతూ తనను, తన చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. ప్లాస్టిక్ పోచకు ఆ విద్య లేదు. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంవారు 2002లో తమ ఆటస్థలంపై కొలతలు తీసినప్పుడు, గాలి వేడి సుమారు 37 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజున కృత్రిమ పచ్చిక ఉపరితలం సుమారు 93 డిగ్రీలకు చేరింది. పక్కనున్న తారురోడ్డు కంటే కూడా అది వేడెక్కింది. నీళ్లు చల్లితే చల్లబడింది గాని, ఇరవై నిమిషాల్లో తిరిగి దాదాపు మునుపటి వేడికే వచ్చింది. మన దగ్గర 37 డిగ్రీలు చైత్రమాసంలోనే వస్తాయి. వైశాఖం మాట చెప్పనక్కరలేదు.

ప్లాస్టిక్, ఇనుములా క్షణంలో వేడిని చర్మానికి దింపదు. అందుకే ఆరోగ్యవంతుడు కాలు పెట్టగానే చురుక్కుమని తీసేస్తాడు, బొబ్బ ఎక్కదు. నా బెంగ అతని గురించి కాదు. తీయలేనివాళ్ల గురించి. ఇంకా నడక రాని పసిబిడ్డ చేతులు, మోకాళ్లు ఆన్చి పాకుతుంది. దాని చర్మం పలుచన. అంతకంటే పెద్ద సమస్య మధుమేహం. పదేళ్లు, పదిహేనేళ్లు చక్కెర అదుపు తప్పి ఉన్నవారికి అరికాళ్లలో స్పర్శజ్ఞానం సన్నగిల్లుతుంది. కాలుతున్నా కాలినట్టు తెలియదు. కుష్ఠువ్యాధి సోకి నయమైన వృద్ధులకు కూడా అదే స్థితి. పైన చెప్పిన ఉపాధ్యాయుల అమ్మగారు ఒక మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తీయడానికి చెప్పుల్లేకుండా ఆ పచ్చికపై నడిచారు. ‘కాలిందని నాకు తెలిస్తే కదా బాబూ! సాయంత్రం మనవరాలు చూసి, నాన్నమ్మా, కాలికేమైందే అంది’ అన్నారు నాతో. బొబ్బ పగిలి పుండై, ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. వేలు పోకుండా దక్కింది. మధుమేహ రోగి కాలి పుండుతో ఆడుకోవడం ఎలాంటిదో, ఈ బ్లాగు చదివే మీకు మళ్లీ చెప్పను.

ఈ ప్రాంతానికే సంబంధించిన మరొక సంగతి. మన గిరిజన కుటుంబాల్లో కొందరు పిల్లలకు సికిల్ సెల్ రక్తహీనత ఉంది. కేంద్రప్రభుత్వం 2023 జులై 1న దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమాన్ని కూడా ప్రారంభించింది. అటువంటి బిడ్డకు ఎండదెబ్బ, ఒంట్లో నీరు తగ్గడం సాధారణ విషయాలు కావు. రక్తకణాలు కొడవళ్లలా వంగి సన్నని నాళాలకు అడ్డం పడి, ఎముకలు నలిగిపోయేంత నొప్పి వస్తుంది. ఆ బిడ్డ ఆడుకునే నేల చల్లగా ఉండాలి.

ఇంతవరకు చెప్పాక మీరు ఒక ప్రశ్న వేస్తారు: ‘డాక్టరుగారూ, దీనివల్ల క్యాన్సర్ వస్తుందట కదా?’ వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ సందేశం నాకూ వచ్చింది. నా వాదానికి బలం చేకూరుతుంది కదా అని దాన్ని నేను మోయను. పెద్ద ఆటస్థలాల్లో పోచల మధ్య పాత టైర్ల పొడి నింపుతారు. దానిలో హానికరమైన రసాయనాలు ఉన్న మాట వాస్తవం. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏళ్ల తరబడి పరిశోధించి, 2024లో వెలువరించిన రెండవ భాగంలో, ఆ రసాయనాలు ఆడేవారి ఒంట్లోకి చేరే అవకాశం పరిమితంగానే కనిపిస్తోందని చెప్పింది. పైగా ఇళ్లలో పరిచే రకానికి సాధారణంగా టైరు పొడి వాడరు. కాబట్టి క్యాన్సర్ భయంతో దీన్ని వద్దనకండి. వద్దనడానికి వేరే కారణాలు కావలసినన్ని ఉన్నాయి.

సీసం సంగతి కొంచెం వేరు. 2008లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో కొన్ని పాత నైలాన్ మైదానాల పోచల రంగులో సీసం బయటపడి, అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది. మీ గేటు ముందు నిలబడినవాడి తివాచీలో ఏ రంగు కలిసిందో చెప్పే కాగితం అతని దగ్గర ఉందేమో అడిగి చూడండి. ఆ ప్రశ్నకు అతని ముఖమే సమాధానం చెబుతుంది.

ఇక ఎండకు పెళుసెక్కి పోచలు రాలి ధూళి కావడం. ఈ పోచ ఎక్కువగా పాలిథిన్. 2024లో ఇటలీ వైద్యులు, మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వును శస్త్రచికిత్సతో తీసి పరీక్షిస్తే, సగానికి మించినవారి కొవ్వులో పాలిథిన్ రేణువులు కనిపించాయి. ప్లాస్టిక్ కనిపించినవారిలో తరువాతి మూడేళ్లలోపు గుండెపోటు, పక్షవాతం, మరణం వంటివి కనిపించనివారి కంటే నాలుగున్నర రెట్లు అధికంగా సంభవించాయి. ప్లాస్టిక్ వల్లనే అలా జరిగిందని దానితో రుజువు కాలేదు, ఆ రేణువులు పచ్చిక నుంచి వచ్చాయని అసలే కాదు. అయినా అటువంటి పదార్థాన్ని కొనితెచ్చి, ఎండలో పరచి, దాని పొడి మీద బిడ్డను కూర్చోబెట్టడం వివేకమా అన్నదే నా ప్రశ్న. ఐరోపా సమాఖ్య 2023 సెప్టెంబరులో మైదానాల్లో పోసే ప్లాస్టిక్, రబ్బరు రేణువుల అమ్మకాన్ని ఎనిమిదేళ్ల గడువు తరువాత నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. వాళ్లు వదిలించుకోవడానికి గడువు పెట్టుకుంటుంటే మనం తెచ్చుకోవడానికి ముహూర్తం పెడుతున్నాం. పాతబడిన తివాచీ చివరికి ఏమవుతుందో కూడా ఆలోచించండి. దాన్ని తీసుకుని కరిగించి మళ్లీ వాడేవారు మన మండలంలో లేరు. ఊరి చివర చెత్తలో పడేస్తే ఎవరో నిప్పు పెడతారు. ఆ పొగ ఎటు పోతుందో గాలి నిర్ణయిస్తుంది.

ఇలా అంటున్నానని బురదతోనే ఉండమంటున్నానని అనుకోవద్దు. బురద చిన్న సమస్య కాదు. జారిపడి తుంటి ఎముక విరిగిన వృద్ధులు మళ్లీ మంచం దిగకపోవడం వైద్యుడెవరైనా చూసి ఉంటాడు. బురదలో చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలకు కొంకిపురుగులు, గీరుకుంటే ధనుర్వాతం. అందుకని ఆ పుండును కడగవలసిన తీరు చెబుతాను.

ఒక అడుగు లోతు, ఒక అడుగు వెడల్పున గుంత తవ్వండి. నిండా నీరు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపి మరునాడు ఉదయం చూడండి. నీరు ఇంకా నిలిచి ఉంటే మీ నేలకు కాలువ లేనిదే గతి లేదు. మొదట స్లాబు గొట్టాలను భూమిలోంచి నేరుగా వీధి కాలువకో, పెరటి అరటి పాదుకో కలపండి. ఇది ఒక్కటే చేసి సంతృప్తిపడినవాళ్లు ఉన్నారు. తరువాత వాకిలిని గోడ నుంచి బయటికి పది అడుగులకు రెండంగుళాల చొప్పున వాలు వచ్చేలా చేయించండి. గోడను ఆనుకుని రెండడుగుల మేర మట్టి ఉండనీయకండి, కంకర వేయండి. గేటు నుంచి గుమ్మం దాకా మనిషి నడిచే దారిలో, బట్టలు ఆరేసే చోట, రాతిపలకలు పరిపించండి. రాళ్లకు మన కొండల్లో కరువు లేదు. పలకల నడుమ వేలెడు సందు వదలండి. తివాచీకి పెట్టదలచిన సొమ్ము ఈ పనులకు చాలావరకు సరిపోతుంది.

మిగిలిన చోట గరిక. వినాయక చవితికి పక్కింటి గోడ ఎక్కి కోసుకొచ్చే ఆ గరికే. బంకమన్నులో బతుకుతుంది, తొక్కినా బతుకుతుంది, ఎండిపోయిందనుకున్నాక కూడా తొలివానకు చిగురిస్తుంది. పైపొరలో మూడు నాలుగు అంగుళాల లోతున బాగా మాగిన పశువుల ఎరువు, ఆకు ఎరువు కలిపి తవ్వండి. ఇసుక కలపకండి. నేల మరీ జిగురుగా ఉన్నప్పుడు తవ్వితే గడ్డలు కడుతుంది. పిడికిట పట్టి నొక్కితే ముద్దయి, వేలితో పొడిస్తే విడిపోయే పదునులో తవ్వాలి. గరిక దుబ్బులను తెంపి జానెడు దూరంలో నాటండి. జ్యేష్ఠంలో నాటితే కార్తికానికి అల్లుకుంటుంది.

దానికీ కష్టం ఉంది, దాచను. నెలకు రెండుసార్లు కోయాలి. నాలుగంగుళాలు దాటనిస్తే పాము కనిపించదు, గడ్డిలో ఉండే నల్లుల వంటి సన్నని పురుగులు కుట్టి స్క్రబ్ టైఫస్ జ్వరం రావచ్చు. రాత్రివేళ వాకిట్లోకి వెళ్తే టార్చి, చెప్పులు తప్పనిసరి. ఇంతపాటి శ్రమ కూడా పడలేనంటే రాతిపలకలు, కంకరతోనే సరిపెట్టుకోండి. మేడమీద బాల్కనీలో చాపంత ప్లాస్టిక్ ముక్క వేసుకుంటే నాకు పేచీ లేదు, అక్కడ బంకమన్ను లేదు. మధ్యాహ్నం దానిమీద చెప్పుల్లేకుండా నడవకండి, అంతే.

ఇప్పటికే వాకిట్లో పరిచేసినవారు రేపు ఉదయం గోడ పక్కనున్న ఒక మూల ఎత్తి చూడండి. మట్టి పొడిగా, మామూలు మట్టి వాసనతో ఉంటే మీ పనివాడు మంచివాడు, ఉంచుకోండి. నల్లగా జిగురు తేలితే ముందు గోడ వెంట రెండడుగుల పట్టీ కోసి తీసేసి కంకర నింపండి. వాన వెలిసిన గంట తరువాత చెప్పులతో తిరిగి చూసి, కాలికింద చెమ్మ చిందే చోటల్లా సుద్దతో గుర్తు పెట్టండి. అవే కుంగిన పళ్లాలు. అక్కడ తివాచీ ఎత్తి రాతిపొడితో మెత్తవలసి ఉంటుంది. మధుమేహం ఉన్న పెద్దలెవరైనా ఇంట్లో ఉంటే గుమ్మం దగ్గర ఒక జత మెత్తని చెప్పులు ఎప్పుడూ ఉంచి, రాత్రి పడుకునేముందు వారి అరికాళ్లను మీరే దీపం వెలుతురులో చూడండి. బొబ్బ కనిపిస్తే ఇరవై నిమిషాలపాటు పారే చల్లని నీటి కింద ఉంచాలి. పళ్ల పేస్టు, సిరా, పేడ పూయకూడదు, బొబ్బ చిదపకూడదు. మర్నాడు పొద్దున్నే భద్రగిరి ఆస్పత్రికో, మీకు దగ్గరున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో తీసుకెళ్లండి. సంతరోజున ఎలాగూ వెళ్తాం కదా అని వాయిదా వేయకండి.